మాగాణికి, రహదారికి – ట్రాక్టరు టైర్లు

ఆషాఢము వచ్చి పంటకాలువలకు నీరు వదలిన పిమ్మట గుడివాడ ప్రాంతమున ఏ ఊరి డొంకపై నిలిచి చూచినను ఒకే దృశ్యము కానవచ్చును. ఉదయము ఎరువుల బస్తాల తొట్టిని లాగుకొనుచు పామర్రు రోడ్డుపై పోయిన ట్రాక్టరే, మధ్యాహ్నమునకు తొట్టిని విప్పి, మోకాలిలోతు బురదలో దిగి దమ్ము చేయుచుండును. సాయంకాలము మరల ఆ బురదకాళ్ళతోనే తారురోడ్డెక్కి ఇల్లు చేరును. ఇంజను ఒకటే, డ్రైవరు ఒకడే, చక్రములును అవియే. ఈ రెండు పనులకును ఆ చక్రములు సరిపోవుచున్నవా? సరిపోనిచో ఆ నష్టము ఎవరికి వచ్చుచున్నది? ఈ విషయమును కొంచెము విచారింతము.

ట్రాక్టరు కొనునపుడు మనము ఇంజను ఎన్ని గుర్రముల బలమో అడుగుదుము. గంటకు డీజిలు ఎంత త్రాగునో అడుగుదుము. టైర్ల సంగతి అడుగువారు అరుదు. కంపెనీవారు ఏది తొడిగి పంపిన అదియే మన టైరు. అవి అరిగిన పిమ్మట దుకాణదారుడు ఏది చౌకగా ఇచ్చిన అదియే రెండవ టైరు. కాని ఇంజనులో పుట్టిన బలమంతయు నేలకు చేరవలసినది చక్రము నేలను తాకు ఆ కొద్దిపాటి జాగాలోనే. ఆ జాగా ఒక్కొక్క చక్రము క్రింద చేటంత కూడ ఉండదు. అచ్చట పట్టు తప్పినచో ఎంత బలమైన ఇంజనైనను బురదను చిలుకుటకే పనికివచ్చును.

మన పెద్దలకు ఈ సంగతి క్రొత్త కాదు. ఎద్దు గిట్ట రెండు పాయలుగా ఉండును. బురదలో దిగబడినపుడు ఆ పాయలు విడివడి బరువును పరచును. కాలు పైకెత్తునపుడు దగ్గరపడి బురద పట్టును విడిపించుకొనును. అదే ఎద్దును కంకరబాటపై బండికి కట్టినపుడు గిట్ట అరిగిపోవును గనుక లాడములు కొట్టించెడివారు. మడికి కావలసిన కాలు వేరు, బాటకు కావలసిన కాలు వేరు అని వారెరుగుదురు. నేడు మనము ట్రాక్టరు విషయములో ఆ తెలివిని మరచిపోవుచున్నాము.

గాలి నింపిన రబ్బరు టైరు మొదట పొలము కొరకు పుట్టినది కాదు. 1888లో డన్లప్ అను పశువైద్యుడు ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరమున తన కుమారుని మూడు చక్రముల సైకిలుకు దానిని అమర్చెను. తరువాత అది మోటారు కార్లకు వచ్చెను. ట్రాక్టర్లు మాత్రము చాలకాలము ఇనుప చక్రములతోనే నడచినవి. పొలములో పట్టు దొరకుటకై ఆ చక్రముల చుట్టు ఇనుప పళ్ళను బిగించెడివారు. అవి దుక్కిలో బాగుగానే పనిచేసెను గాని రోడ్డెక్కినపుడు రోడ్డును చీల్చివేసెను. డ్రైవరు ఎముకలను కుదిపివేసెను. 1932 ప్రాంతమున అమెరికాలో ఆలిస్ చామర్స్ కంపెనీ తన ట్రాక్టరుకు గాలి టైర్లను తొడిగి అమ్మజూచెను. మెత్తని రబ్బరు పొలములో నిలుచునా యని రైతులు నమ్మలేదు. అపుడా కంపెనీవారు ఒక చిత్రమైన పని చేసిరి. పందెపుకార్లు నడుపుటలో పేరుపొందిన బార్నీ ఓల్డ్‌ఫీల్డును పిలిపించి, 1933లో ఆ ట్రాక్టరును గంటకు 64 మైళ్ళ వేగముతో నడిపించి చూపిరి. జనము విరగబడి చూచిరి. గాలి టైర్లు అమ్ముడుపోయినవి. పందెమునకు తగిన ప్రత్యేకపు గేర్లతో జరిగిన ఆ ప్రదర్శనను మనము అనుకరింపరాదు. అయినను అందులో ఒక సత్యము కలదు. గాలి టైరు వచ్చిన తరువాతనే ట్రాక్టరు పొలమును, రోడ్డును కూడ తన స్థలముగా చేసికొనగలిగినది. రెండింటికిని ఒకే చక్రము వాడవలెనను చిక్కు కూడ ఆనాడే పుట్టినది.

ఇక టైరు స్వరూపమును చూతము. వెనుక టైరుపై ఏటవాలుగా, బాణపు మొన ఆకారములో, ఎత్తైన రబ్బరు దిమ్మెలుండును. వీనిని లగ్గులందురు. ఇవి నేలలో దిగి మట్టిని పట్టుకొని బండిని ముందునకు నెట్టును. రెండు లగ్గుల నడుమనుండు ఖాళీ కూడ లగ్గంత ముఖ్యమైనదే. చక్రము తిరిగినపుడు ఆ ఖాళీలోని మట్టి ప్రక్కలకు జారిపోవలెను. జారక అచ్చటనే అతుకుకొన్నచో టైరు నున్నని పీపావలె అయి ఉన్నచోటనే తిరుగును. మన రేగడి మట్టికి ఈ అతుకుకొను గుణము ఎక్కువ. అందుచేతనే టైరును సరియైన దిక్కున తొడుగవలెను. లగ్గుల మొన ముందుగా నేలను తాకునట్లు ఉండవలెను. ప్రక్కగోడపై బాణపు గుర్తు ముద్రించియుండును. పంక్చరు వేయించి మరల బిగించునపుడు ఆ గుర్తును చూడకపోవుటచే టైరు తలక్రిందులుగా పడి, రైతు కారణము తెలియక ఇంజనును నిందించుట కలదు.

వ్యవసాయపు టైర్లలో వెనుక చక్రములకు ముఖ్యముగా రెండు రకములు కలవు. మొదటిది ఆర్-1 అను సాధారణ రకము. దీని లగ్గులు మధ్యరకపు ఎత్తుగలవి. పొడి దుక్కికి, తడి ఆరిన నేలకు, కొంతవరకు రోడ్డుకు ఇది సరిపోవును. రెండవది ఆర్-2 అను రకము. వరి, చెరకు పండించు తడి నేలల కొరకే దీనిని చేసిరి. దీని లగ్గులు మొదటి రకపు లగ్గులకు దాదాపు రెండు రెట్లు ఎత్తుగా ఉండి, దూరదూరముగా నిలచియుండును. బురదలో దీని పట్టుకు సాటిలేదు. కాని దీనిని తారురోడ్డుపై నడిపినచో జరుగునదేమి? బరువంతయు కొద్ది లగ్గుల కొనలపై పడును. పొడుగైన లగ్గు ప్రతి చుట్టునకు వంగి లేచుచు, రోడ్డును రాచుచు, వేడెక్కును. వేడెక్కిన రబ్బరు త్వరగా అరుగును. మడిలో చాలకాలము నిలువవలసిన టైరు రోడ్డుపై అంతకంటె చాల త్వరగా నున్నబడును. నున్నబడిన ఆర్-2 మడికిని పనికిరాదు, బాటకును పనికిరాదు.

కావున మేము చెప్పదలచినది ఒక్కటే. టైరును ఎన్నుకొనుటకు ముందు మన పనిని మనము లెక్కవేసికొనవలెను. సంవత్సరమునకు ట్రాక్టరు ఎన్ని గంటలు తిరిగినది, అందు మడిలో ఎన్ని, రోడ్డుపై ఎన్ని అని ఒక చిన్న పుస్తకములో వ్రాసికొన్నచో నెలలోనే నిజము తెలియును. మాది వ్యవసాయపు ట్రాక్టరని చెప్పుకొనువారిలో అనేకుల బండ్లు ఇసుక, ఇటుక, ధాన్యము, చేపల మేత తోలుటలోనే ఎక్కువ గంటలు గడుపుచున్నవి. అట్టివారు ఎత్తైన లగ్గుల టైరు కొనుట డబ్బును రోడ్డుపై రాచివేయుటయే. వారికి ఆర్-1 రకమే తగినది. దమ్ము రోజులకు మాత్రము ఇనుప దమ్ముచక్రములను సాయము తీసికొనవలెను. ఇతరుల పొలములకు కూలికి పోయి రెండు కార్లును దమ్మే ముఖ్యముగా చేయువారికి, రోడ్డు నడక ఊరి పొలిమేర దాటనివారికి ఆర్-2 లాభకరము.

దమ్ముచక్రములను గూర్చి ఒక మాట. ఇనుప పట్టీలతో పంజరమువలె అల్లిన ఈ చక్రములను కొందరు టైర్లు తీసివేసి వాని స్థానమున బిగింతురు; కొందరు టైర్లనట్లే ఉంచి వెలుపలి ప్రక్కన సగపు చక్రములను తగిలింతురు. బురదలో ఇవి బండి మునిగిపోకుండ కాపాడును. మట్టిని నలిపి దమ్మును మెత్తగా చేయును. కాని ఇవి మడి కొరకు మాత్రమే పుట్టినవి. వీనితో రోడ్డెక్కినచో ఒక్కొక్క పట్టీ ఒక్కొక్క గునపమై తారును పెకలించును. వీనితో రహదారి నెక్కరాదని అధికారులు పదేపదే హెచ్చరించుచునే ఉన్నారు. దమ్ము రోజులలో చేను చేనుకు విప్పి బిగించుట కష్టమని రైతు అనును. అది నిజమే. కాని ఆ రోడ్డుపైననే రేపు మన ధాన్యపు తొట్టి పోవలెను. మన పిల్లల బడి బస్సు పోవలెను. దమ్ముచక్రములను తొట్టిలో వేసికొనిపోయి గట్టుమీద బిగించుకొనుటయే మర్యాద.

టైరు ప్రక్కగోడపై ఉన్న అంకెలను చదువుట ప్రతి రైతును నేర్వవలెను. 13.6-28 అని ఉన్నచో టైరు వెడల్పు సుమారు 13.6 అంగుళములనియు, లోపలి ఇనుప రిమ్ము వ్యాసము 28 అంగుళములనియు అర్థము. 12 పి.ఆర్. అని ఉన్నచో అది టైరు బలమును, అది మోయగల బరువును తెలుపు కొలత. ఎక్కువ అంకె గల టైరు ఎక్కువ బరువు మోయును. కాని దాని గోడలు బిరుసుగా ఉండుటచే మడిలో అది తక్కువగా పరచుకొనును. మరియొక చోట నాలుగు అంకెలు కలసియుండును. 2324 అని ఉన్నచో అది 2024వ సంవత్సరము 23వ వారమున తయారైనదని తెలిసికొనవలెను. టైరు వాడకపోయినను ఎండకు, గాలికి రబ్బరు బిరుసెక్కి పగుళ్ళు విచ్చును. తళతళలాడు నల్లరంగు పూసి క్రొత్తదని అమ్మజూచినపుడు ఈ నాలుగు అంకెలే మన సాక్షులు.

ముందు చక్రములను చులకన చేయరాదు. రెండు చక్రముల బలముతో నడచు ట్రాక్టరుకు ముందు టైరుపై నిలువుగా చుట్టివచ్చు మూడు గట్లుండును. నడుమ గట్టు మట్టిని కోసికొనిపోవుటచే బండి మనము త్రిప్పిన వైపునకు తిరుగును. ఆ గట్టు అరిగినచో స్టీరింగు త్రిప్పినను బండి తిన్నగానే పోవుచుండును. కాలువగట్టుమీద ఇది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. నాలుగు చక్రములును లాగు ట్రాక్టరులోనైతే ముందు వెనుక టైర్ల చుట్టుకొలతలకు ఒక లెక్క కలదు. ముందు చక్రములు వెనుకవానికంటె నూటికి ఒకటి మొదలు అయిదు పాళ్ళ వరకు వేగముగా నేలను చుట్టునట్లు కంపెనీవారు అమర్తురు. మనము ఒక జతను మాత్రము వేరొక కొలతకు మార్చినచో ఆ లెక్క తప్పి, గేర్లలో బిగువు పుట్టి, టైర్లును పండ్లచక్రములును అరిగిపోవును. గట్టి రోడ్డుపై ముందు చక్రముల లాగుడును విడిపించి నడుపుట కూడ ఇందుకే.

ఇంతవరకు చెప్పినది డబ్బిచ్చి కొను వస్తువును గూర్చి. డబ్బు లేకుండ దొరకునది గాలి. అదియే అన్నింటికంటె ముఖ్యము. ఒక మోటు లెక్క చూతము. వెనుక చక్రము ఒకదానిపై 700 కిలోల బరువున్నదనుకొందము. అది సుమారు 1,540 పౌండ్లు. టైరులో గాలి 14 పౌండ్లున్నచో, ఆ బరువును మోయుటకు సుమారు 110 చదరపు అంగుళముల జాగా నేలను తాకవలెను. గాలిని 28 పౌండ్లకు పెంచినచో ఆ జాగా 55 అంగుళములకు తగ్గును. బరువు మారలేదు, కాని నేలపై ఒత్తిడి రెట్టింపైనది. రోడ్డుపై తొట్టి లాగుటకు టైరు గట్టిగా ఉండవలెనని కూరిన గాలితోనే మడిలో దిగినచో చక్రము కత్తివలె నేలను కోయును. మడికని తగ్గించిన గాలితోనే నిండు తొట్టిని రోడ్డుపై లాగినచో టైరు గోడలు నలిగి, వేడెక్కి, లోపలి నూలుపొరలు తెగును. సాధారణముగా వెనుక టైర్లకు మడిలో 12 నుండి 14 పౌండ్లు, బరువు తోలునపుడు మరికొంత ఎక్కువ కావలెను. సరియైన అంకె మన టైరు కొలతను, మనము మోపు బరువును బట్టి కంపెనీవారి పట్టికలో ఉండును. ఒక గాలిమీటరు ఖరీదు ఒక టైరు ఖరీదుముందు లెక్కలోనిది కాదు.

ఈ ఒత్తిడి సంగతి మన డెల్టాలో మరియొక కారణముచేత ముఖ్యమైనది. 1855లో బెజవాడవద్ద ఆనకట్ట పూర్తియైన నాటినుండి మన మాగాణులు నీటిక్రింద దమ్ము అగుచున్నవి. ఏండ్ల తరబడి చేసిన దమ్ముచే పైమట్టి క్రింద ఒక గట్టిపొర ఏర్పడినది. నీరు ఇంకిపోకుండ నిలువబెట్టునది ఆ పొరయే. ట్రాక్టరును మునిగిపోకుండ మోయునదియు ఆ పొరయే. బరువైన బండిని గట్టి గాలితో మరల మరల అదే జాడలో నడిపినచో ఆ పొర విరుగును. మరుసటి సంవత్సరము అచ్చటనే బండి కూరుకొనిపోవును. బరువు తక్కువగల చిన్న ట్రాక్టరు మన మెత్తని నేలలలో ఒక్కొక్కప్పుడు పెద్దదానికంటె ఎక్కువ పని చేయుటకు ఇదియే కారణము.

కోతల కాలములో సంగతి ఇంకను విషమించును. మన ప్రాంతమున వరి కోతకు రెండు మూడు రోజుల ముందే పదునుగల నేలపై మినుము చల్లుదుము. ఆ గింజ దుక్కి లేకుండ, క్రొత్త నీరు లేకుండ, నేలలోని పదునుతోనే మొలచి పండవలెను. అట్టి నేలలో కోతయంత్రము, దాని వెంట ధాన్యమునకు వచ్చు ట్రాక్టరును తిరిగినచో చక్రపు జాడలో గింజ నలిగిపోవును. నేల ఇటుకవలె బిగిసి వేరు దిగదు. మాఘమాసమున చేను చూచినపుడు పచ్చని మినుములో రెండు బోసిచాళ్ళు పొడవునా కనబడును. ఆ చాళ్ళు మనము టైరుపై చేసిన అజాగ్రత్తకు కట్టిన వెల. కావున ట్రాక్టరును గట్టుప్రక్కననే నిలుపుట, లోనికి పోవలసివచ్చినచో గాలి తగ్గించి ఒకే జాడలో పోయివచ్చుట, తొట్టిని సగమే నింపుట మేలు.

పట్టు చాలుచున్నదో లేదో తెలిసికొనుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. వెనుక టైరుపై సుద్దతో ఒక గీత గీయుడు. నాగలి దిగియుండగా చక్రము పది చుట్లు తిరుగువరకు నడిపి, మొదలు తుద గుర్తుపెట్టుడు. పిమ్మట నాగలి ఎత్తి అదే దూరము నడిపి చుట్లను లెక్కింపుడు. ఎనిమిదిన్నర చుట్లు వచ్చినచో నూటికి 15 పాళ్ళు జారుడు ఉన్నదన్నమాట. పొడి దుక్కిలో 10 నుండి 15 పాళ్ళ జారుడు సహజము. అంతకు మించినచో డీజిలు వ్యర్థమగుచున్నది. బరువు కలుపవలెను, లేదా లోతు తగ్గింపవలెను. అసలు జారుడే లేకున్నచో బండి అనవసరపు బరువు మోయుచున్నది. బరువు కలుపుటకు టైరులో ముప్పాతికవంతు వరకు నీరు నింపుట వాడుక. పొడి దుక్కికి అది మంచిదే గాని, అదే నీటితో దమ్ములోనికి దిగుట మునుగుటకు సిద్ధపడుటయే.

తుదకు రోడ్డు సంగతి. లగ్గుల టైరు తడిసిన తారుపై కారు టైరువలె ఆగదు. నేలను తాకునది లగ్గుల కొనలే. వెనుక తొట్టికి సామాన్యముగా బ్రేకు ఉండదు. ముందున్న ట్రాక్టరు ఆగినను వెనుక బరువు దానిని నెట్టును. ఎడమ కుడి బ్రేకు పెడళ్ళను మడిలో మలుపులకై విడదీసియుందుము. రోడ్డెక్కుటకు ముందు వానిని కొక్కెముతో కలుపుట మరచినచో బండి ఒక ప్రక్కకు తిరుగబడును. ఒక టైరు క్రొత్తది, ఒకటి నున్ననిది అయినను ఇట్టి ప్రమాదమే. మరియొకటి: మడినుండి వచ్చిన టైరు లగ్గుల నడుమనున్న బురద రోడ్డుపై ముద్దలు ముద్దలుగా రాలును. చినుకు పడగానే అది సబ్బువలె మారును. చీకటిలో సైకిలుపైనో మోటారుసైకిలుపైనో వచ్చువాడు దానిపై జారి కాలువలో పడినచో, ఆ పాపము ఎవరిది? గట్టు దిగుటకు ముందు ఒక పారతో లగ్గులు గీకి, నాలుగు కడవల నీరు కొట్టుటకు పట్టునది పది నిమిషములు.

నేడు మంచి టైర్లకు కొదవ లేదు. మన రాష్ట్రములోనే అచ్యుతాపురమున 2022లో యొకొహామా సంస్థవారి కర్మాగారము వ్యవసాయ వాహనములకు, భారీ యంత్రములకు టైర్లు చేయుట కారంభించినది. కాని ఏ కర్మాగారమును మడికిని బాటకును సమానముగా పనికివచ్చు టైరును ఇంతవరకు చేయలేదు, చేయజాలదు కూడ. ఒకటి కోరునది మరియొకటి సహింపదు. ఆ రెండింటి నడుమ రాజీ చేయవలసినవాడు రైతే. తన పనిని లెక్కవేసి టైరును కొనవలెను. మడికి దిగునపుడు గాలి తగ్గింపవలెను. బాటకెక్కునపుడు గాలి పెంచి, బురద కడిగి, పెడళ్ళు కలుపవలెను. ఎద్దు గిట్టను ప్రతి ఉదయము చూచుకొనిన రైతు మన తాత. ట్రాక్టరు టైరును ప్రతి ఉదయము ఒక్కమారు చూచుకొనుట మనకు భారము కారాదు.